అజ్మాన్‌లో మంచు

నేను మంచును మొదటిసారి అజ్మాన్‌లో చూశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఉన్నది జగిత్యాలలో. మా బడి ఎదురుగా ఉండే పుస్తకాల దుకాణంలో చిన్న ప్లాస్టిక్ కవర్లలో పాతిక విదేశీ స్టాంపులు పెట్టి పది రూపాయలకు అమ్మేవాళ్ళు. పైకి కనిపించే రెండు మూడు చూసి కొనుక్కోవడమే, లోపలేమున్నాయో ఇంటికెళ్ళి విప్పితేనే తెలిసేది. అలా విప్పిన ఒక కవర్లోంచి ఎర్ర స్వెట్టరు వేసుకున్న మనిషి ఒకడు బయటపడ్డాడు. కాళ్ళకు రెండు పొడుగాటి బద్దలు, చేతుల్లో రెండు కర్రలు, వెనక తెల్లటి కొండ. ఓ మూల ఐదు వలయాలు, సప్పోరో అన్న మాట. ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ అజ్మాన్ అని రాసుంది.

అజ్మాన్ నాకు తెలిసిన ఊరే. మా చిన్న మామ, అమ్మకు తమ్ముడు, అక్కడ ఉండేవాడు. ఇళ్ళు కట్టే చోట తాపీ పని. ఆయన ఉత్తరం వస్తే అమ్మ ముందు ఒక్కతే చదువుకుని, తరవాత మా అందరికీ పైకి చదివేది. జవాబు రాసేటప్పుడు అడుగున రెండు వరసలు నాకు వదిలేది. ఆసారి ఆ రెండు వరసల్లో నేను అడిగాను: "మామా, మీ అజ్మాన్‌ల మంచు పడుతదా?" నెలన్నరకు జవాబొచ్చింది. "డిసెంబర్ల పొద్దుగాల మస్తు మంచు పడ్తది అల్లుడా. ఎదురుంగ వచ్చే బస్సు గుడ కానరాదు."

ఇంకేం కావాలి? స్టాంపు చెప్పింది, మామ చెప్పాడు. మా మామ ఉన్న ఊళ్ళో జనం మంచు మీద జారుకుంటూ తిరుగుతారని క్లాసంతా చాటేశాను. సోషల్ సారు అట్లాసు తెరిచి, పసుపు రంగు పూసిన ఎడారి మీద వేలు పెట్టి, "ఇక్కడ మంచెట్లుంటదిరా?" అన్నారు. నేను స్టాంపు తీసి చూపించాను. సారు దాన్ని వెలుగులో పెట్టి ఇటూ అటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేశారు. సర్కారు పేరుతో అచ్చయిన కాగితం మరి. కాదనడానికి ఆయనకూ నోరు రాలేదు.

మామ నిజమే చెప్పాడని నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. ఆ తీరంలో చలికాలం తెల్లవారుజామున పొగమంచు కమ్మేస్తుంది, ఎదుటి బస్సు కనిపించదు. ఇంగ్లీషువాళ్ళు డ్యూ, ఫాగ్, ఫ్రాస్ట్, స్నో అని నాలుగు పేర్లు పెట్టుకున్నవాటికి మనకు మామూలు మాటల్లో ఒక్కటే పేరు, మంచు. గడ్డి మీద చుక్కా మంచే, పొలాల మీద పొగా మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. నేను ఒక మంచు గురించి అడిగాను, ఆయన ఇంకో మంచు గురించి చెప్పాడు. ఇద్దరి మధ్యా ఆ స్టాంపు దొంగసాక్షిలా నిలబడింది.

ఇప్పుడు నేను శీతాకాలపు ఆటల స్టాంపులు సేకరిస్తాను. రెండు ఆల్బమ్‌లు, నాలుగు వందలకు పైగా. వృత్తి సాఫ్ట్‌వేర్. చిత్రకళలో గాని, తపాలా చరిత్రలో గాని శిక్షణ లేదు. కవితలనీ కథలనీ విమర్శిస్తూ అప్పుడప్పుడు రాసే నాకు, స్టాంపును కూడా ఒక రచనలాగా చదవొచ్చు కదా అనిపించి చాలాకాలమైంది. ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఒక్కటే: ఆ అజ్మాన్ స్టాంపు మంచిదా, చెడ్డదా? చెడ్డదైతే ఎందువల్ల?

*

స్టాంపులు సేకరించేవాళ్ళని అడిగితే తీర్పు అరక్షణంలో వచ్చేస్తుంది. వాటిని వాళ్ళు గోడ కాగితాలంటారు. గోడకు అంటించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావని. ఆ తిట్టు వెనక చరిత్ర ఉంది.

అజ్మాన్ ఇప్పటి యుఎఇలోని ఏడు ఎమిరేట్లలోకీ చిన్నది. 1964లో ఫిన్‌బార్ కెన్నీ అనే అమెరికన్ వ్యాపారి అక్కడి పాలకుడితో ఒప్పందం చేసుకున్నాడు. న్యూయార్క్‌లో మేసీస్ దుకాణంలో స్టాంపుల విభాగం నడిపిన మనిషి. స్టాంపులు తయారుచేయించడం, ప్రపంచమంతా అమ్మడం అతని వంతు, దేశం పేరు పాలకుడి వంతు. చేతిలో డబ్బులేని చిన్న రాజ్యానికి అది తేలిగ్గా వచ్చే ఆదాయం. ఫుజైరాతోనూ అలాంటి ఒప్పందమే. ఒక దశలో అజ్మాన్ కింద ఉన్న మనామా అనే చిన్న పల్లె పేరుతో కూడా విడిగా స్టాంపులు వేశారు. చుట్టుపక్కల రాజ్యాలూ ఇదే దారి పట్టాయి. అంతరిక్షం, పిల్లులు, నెపోలియన్, అమ్ముడయ్యేది ఏదైనా సరే. 1968లో గ్రెనోబుల్, 1972లో సప్పోరో శీతాకాల ఒలింపిక్స్ వచ్చినప్పుడు మంచు ఎరగని ఈ ఎడారి రాజ్యాలు పోటీపడి స్కీయింగ్ స్టాంపులు వేశాయి. సప్పోరో ఆటలు జరిగింది 1972 ఫిబ్రవరి 3 నుంచి 13 దాకా. అప్పటికి యుఎఇ ఏర్పడి రెండు నెలలు. ఆ ఏడాది ఆగస్టుతో ఎమిరేట్ల విడివిడి స్టాంపులకు కాలం చెల్లింది. అంటే నా ఎర్ర స్వెట్టరు మనిషి ఆ వ్యాపారపు ఆఖరి రోజులవాడు.

అమెరికాలో వాడే స్కాట్ కేటలాగు వీటిలో చాలావాటిని పట్టించుకోలేదు. బ్రిటిష్ స్టాన్లీ గిబ్బన్స్ అనేకం తీసుకెళ్ళి వెనక అనుబంధంలో పడేసింది. జర్మన్ మిషెల్ మాత్రం వరసగా నంబర్లిచ్చింది. కెన్నీ కథ అజ్మాన్‌తో ఆగలేదు. 1978లో కుక్ దీవుల ఎన్నికల్లో అధికార పార్టీ న్యూజిలాండ్ నుంచి ఓటర్లను విమానాల్లో దింపింది. అందుకు డబ్బు కెన్నీ స్టాంపుల వ్యాపారంలోంచి వచ్చింది. ఆ గెలుపు చెల్లదని కోర్టు తేల్చింది. 1979లో కెన్నీ కంపెనీ అమెరికాలో లంచం కేసులో నేరం ఒప్పుకుంది. బొమ్మల కాగితమే కదా అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక దేశపు ప్రభుత్వాన్ని నిలబెట్టబోయి కూలగొట్టిన కాగితం అది.

ఇదంతా మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు మోసపోయినందుకు కాదు, ఆ మోసాన్ని పట్టుకుని సార్‌తో వాదించినందుకు.

*

సేకర్తల కొలమానం ఇది: స్టాంపు అన్నది తపాలా రుసుముకు రశీదు. ఉత్తరం మోయాలి. మోయకపోతే అది స్టాంపు కాదు, లేబులు. మా వృత్తిలోనూ ఇలాంటి మాట ఉంది. ప్రొడక్షన్‌లోకి వెళ్ళని కోడ్ కోడే కాదంటారు. వినడానికి బావుంటుంది. కాని ఈ గీటురాయి మీద మిగతా ఆల్బమ్‌ను కూడా గీసి చూస్తే చిక్కులొస్తాయి.

నా పది రూపాయల కవర్లలో అజ్మాన్ కంటే ఎక్కువగా వచ్చినవి హంగరీ, పోలండ్, తూర్పు జర్మనీ స్టాంపులు. ఈ దేశాల్లో మంచు ఉంది, స్కీయింగ్ ఉంది, పద్ధతిగా నడిచే తపాలా ఉంది. అయినా నా దగ్గరున్నవాటిలో చాలావాటి వెనక జిగురు చెక్కుచెదరలేదు, మూలన మాత్రం తపాలా ముద్ర గుండ్రంగా, శుభ్రంగా ఉంది. జిగురు తడవకుండా ఉత్తరానికి ఎలా అంటుకుంటుంది? అంటుకోలేదు. అచ్చయిన చోటే షీట్లకు షీట్లు ముద్ర కొట్టి, ప్యాకెట్లలో నింపుకునే వ్యాపారులకు టోకున అమ్మారు. విదేశీ మారకం కోసం. తూర్పు జర్మనీ మరో అడుగు ముందుకేసి, సెట్టులో ఒక స్టాంపును కావాలనే తక్కువ సంఖ్యలో వేసి, దాన్ని కౌంటర్లో అందరికీ అమ్మకుండా సేకర్తల కార్డు ఉన్నవాళ్ళకే ఇచ్చేది. కొరత సృష్టిస్తే ధర పెరుగుతుందన్న లెక్క. సామ్యవాద దేశం కూడా సంత సూత్రాన్ని బాగానే వంటబట్టించుకుంది.

ఇవి మాత్రం కేటలాగుల్లో గౌరవంగా ముందు పేజీల్లోనే ఉన్నాయి. మరి అజ్మాన్ ఒక్కటే ఎందుకు నకిలీ? "అక్కడ మంచు లేదు కదా" అన్నాడు ఆబిడ్స్ ఆదివారం సంతలో పరిచయమైన ఒక పెద్దాయన, తపాలా చరిత్ర బాగా తెలిసినవాడు. అది తపాలా కొలమానం కాదు సార్, సాహిత్య కొలమానం అన్నాను. అనుభవం లేనిది రాయకూడదనడం మనం కవుల మీద ప్రయోగించే అస్త్రం. ఆయన నవ్వి ఊరుకున్నాడు గాని, నాకు మాత్రం అక్కడ దారి దొరికింది. ఉత్తరం మోసిందా లేదా అన్నది తపాలా శాఖ చూసుకుంటుంది. విమర్శకుడు అడగాల్సింది, ఈ బొమ్మ మంచును చూసిందా అని.

*

శీతాకాల ఒలింపిక్స్ మీద మొదటి స్టాంపు 1932 జనవరి 25న అమెరికాలో వచ్చింది, లేక్ ప్లాసిడ్ ఆటల కోసం. రెండు సెంట్లు, ఎర్ర సిరా, గాల్లోకి ఎగిరిన స్కీ ఆటగాడు. అప్పట్లో మామూలు ఉత్తరానికి రెండు సెంట్లే, కాబట్టి ఇది ఇంటింటికీ తిరిగిన స్టాంపు. దీన్ని భూతద్దం కింద పెట్టి చూడండి. ఉక్కు పలక మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద ఒత్తే పద్ధతి ఇది. చెక్కినచోట రంగు వస్తుంది, చెక్కనిచోట కాగితం మిగిలిపోతుంది. మరి మంచును ఎలా చెక్కాలి? చెక్కకూడదు. ఈ స్టాంపులో మంచు అంటే చెక్కేవాడి ఉలి ముట్టుకోని చోటు. ఒక్క చుక్క తెల్ల సిరా వాడకుండా, ఒక్క ఎర్ర రంగుతో మంచును చూపించాడు. దేన్ని వదిలేయాలో తెలిసినవాడి పని.

నార్వే 1951 అక్టోబరులో ఓస్లో ఆటల కోసం మూడు స్టాంపులు వేసింది. ఒకదాని మీద స్కేటింగ్ చేసేవాడు, ఒకదాని మీద స్కీ దూకుడు. మూడోదాని మీద ఆటగాడు లేడు. శీతాకాలపు ప్రకృతి మాత్రమే ఉంది. ఆటల స్టాంపుల్లో ఆట లేని స్టాంపు. స్కీయింగ్ నార్వేవాళ్ళకు ఆట కాకముందు నడక. పక్కూరికి వెళ్ళాలన్నా, వేటకు వెళ్ళాలన్నా కాళ్ళకు బద్దలు కట్టుకున్న జనం. ముందు మంచు, తరవాత మనిషి, ఆ తరవాతే పతకం అన్న వరస వాళ్ళకు తెలుసు. మన దగ్గర పొలం మీద పద్యం రాయడానికి ట్రాక్టరు బొమ్మ అక్కర్లేదు చూడండి, అలాగ.

1956లో కోర్టినా ఆటలకు ఇటలీ వేసిన నాలుగింటిదీ ఇంకో దారి. స్కీ దూకుడు కట్టడం, మంచు స్టేడియం, ఐస్ స్టేడియం, మిసురీనా సరస్సు మీది స్కేటింగ్ దారి. అన్నీ స్థలాలే, ఆడేవాళ్ళ కోసం ఎదురు చూస్తున్న స్థలాలు. రేపు పెళ్ళి అనగా ముందురోజు సాయంత్రం ఖాళీ పందిరిని చూసినట్టుంటుంది నాకు.

మంచున్న దేశాలన్నీ మంచును చూశాయని కాదు. 1960లో స్క్వా వ్యాలీ ఆటలకు అమెరికా వేసిన నాలుగు సెంట్ల స్టాంపు మీద ఐదు వలయాలు, ఒక మంచు రేకు. చక్కటి చిహ్నం, గడ్డకట్టించే గుణం మాత్రం లేదు. బోర్డు మీద అంటించే గుర్తులాంటిది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట అదే దేశం ఒక్క రంగుతో చేసింది ఇక్కడ కనిపించదు.

ఇంతవరకు నా సిద్ధాంతం బాగానే నడిచింది. వదిలేసిన కాగితమే మంచు, వదిలేయడం తెలిసినదే మంచి స్టాంపు. దీన్ని అడ్డుకున్నవి జర్మనీ స్టాంపులు. గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ ఆటల కోసం 1935 నవంబరు 25న మూడు వచ్చాయి. ఆకుపచ్చలో స్కేటింగ్, ఎరుపులో స్కీ దూకుడు, నీలంలో బాబ్‌స్లెడ్. మూడింటి మీదా తపాలా వెలకు తోడు అదనపు సొమ్ము: 6కి 4, 12కి 6, 25కి 15 ఫెనిగ్‌లు. గీతల్లో వేగం ఉంది, బిగువుంది. చేతిపనిగా చూస్తే లేక్ ప్లాసిడ్ కంటే ఒక మెట్టు పైనే. కాని అవి రావడానికి రెండు నెలల ముందే, సెప్టెంబరులో, నూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వాన్ని లాగేసుకున్నాయి. ఆటలకు వచ్చే విదేశీయుల కంట పడకూడదని ఆ ఊళ్ళో యూదు వ్యతిరేక బోర్డులను పీకించారు. ఈ సంగతి తెలిశాక ఆ స్టాంపుల్లోని తెల్లటి చోటు నాకు వేరేగా కనిపించడం మొదలైంది. బోర్డు పీకేసిన గోడ కూడా తెల్లగానే ఉంటుంది. వదిలేయడం ఎప్పుడూ నేర్పు కాదు, కొన్నిసార్లు అది దాచడం. మంచు దేన్నయినా కప్పుతుంది.

కాబట్టి కొలమానాన్ని కొంచెం సవరించుకున్నాను. ఏం వదిలేశారు అని మాత్రమే అడిగితే చాలదు, ఎవరి కోసం వదిలేశారు అని కూడా అడగాలి. లేక్ ప్లాసిడ్‌లో ఖాళీ చోటు చూసేవాడి కోసం ఉంది, మిగతాది వాడు పూరించుకుంటాడు. గార్మిష్‌లో ఖాళీ చోటు ఏలేవాడి కోసం ఉంది, చూసేవాడు ఇంకేమీ అడగకుండా.

*

ఇప్పుడు ఎర్ర స్వెట్టరు మనిషి దగ్గరికి వద్దాం. కొన్నేళ్ళ కిందట ఆఫీసు పని మీద ఒక శీతాకాలం మిన్నియాపోలిస్‌లో ఉన్నాను. మంచు మీద నడవడం వచ్చేలోపు నాలుగుసార్లు పడ్డాను. మంచు మధ్యాహ్నం మాత్రమే తెల్లగా ఉంటుందనీ, సాయంత్రం దాని నీడలు నీలంగా మారతాయనీ, అది పడుతున్నప్పుడు ఊళ్ళో చప్పుడు తగ్గిపోతుందనీ అప్పుడే తెలిసింది. తిరిగొచ్చాక ఆల్బమ్ తీసి అజ్మాన్ స్టాంపును చూశాను.

దాని మీద ఖాళీ అన్నదే లేదు. అంచు నుంచి అంచు దాకా రంగు. కొండకు ఒకటే పాలిపోయిన నీలం, పొద్దు ఎటున్నదో తెలియదు. మనిషి వంగిన తీరు సరిగ్గానే ఉంది గాని, కాళ్ళ కింద ఏటవాలు లేదు. ఏ ఫొటోలోంచో కత్తిరించి తెచ్చి నిలబెట్టినట్టుంది. స్కీ గీసిన గాడి లేదు, ఎగిరిన పొడి లేదు, ఒంటికి చలి లేదు. వెనక కొండ తీసేసి ఇసుక దిబ్బ పెట్టినా ఆ మనిషి అలాగే వంగి ఉంటాడు.

కాబట్టి చెడ్డ స్టాంపే. అయితే అజ్మాన్‌లో మంచు లేకపోవడం దీనికి కారణం కాదు. దీన్ని తయారుచేసినవాళ్ళు ఎక్కడో మంచుపడే ఊళ్ళలో కూర్చునే చేసి ఉంటారు. వాళ్ళకు సప్పోరో వైపు చూసే తీరికా లేదు, అజ్మాన్ వైపు చూసే అవసరమూ లేదు. వాళ్ళ కళ్ళు కొనేవాడి మీద ఉన్నాయి. ఆ కొనేవాడు పది రూపాయలు పట్టుకుని దుకాణం ముందు నిలబడ్డ పిల్లాడు. వాణ్ణి నిజంగా చూసినా బాగుండేది. చూడలేదు, లెక్కపెట్టారు.

మంచు లేని దేశం మంచి మంచు స్టాంపు వేయలేదా అంటే, జమైకా ఉంది. 1988 కాల్గరీ ఆటల్లో ఆ దేశపు బాబ్‌స్లెడ్ జట్టు మొదటిసారి పోటీ చేసింది. నలుగురి పోటీలో బండి తిరగబడింది. బండి పక్కన నడుచుకుంటూ గీత దాటారు. ఆ ఏడే జమైకా తన జట్టు మీద స్టాంపులు వేసింది. పతకం లేదు, నలుగురి పోటీ పూర్తవనూ లేదు. అయినా ఆ స్టాంపుల వెనక దెబ్బలు తగిలిన నాలుగు ఒళ్ళున్నాయి. కరీబియన్ దీవి ఐస్‌తో చేసుకున్న పరిచయం నిజమైనది, అందుకే స్టాంపూ నిజమైనది. అనుభవం అంటే అక్కడే పుట్టి ఉండడం కాదు, అక్కడిదాకా వెళ్ళి పడడం.

*

ఇక్కడితో వ్యాసం ముగించొచ్చు. తీర్పు వచ్చేసింది. కాని మనుచరిత్ర చదివినవాళ్ళకు ఇంకో ప్రశ్న మిగులుతుంది. పెద్దన ప్రవరుడు ఊరు దాటనివాడు. వచ్చిపోయే యాత్రికులను కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మీరు చూసిన ఊళ్ళు చెప్పండని అడుగుతాడు. విని విని హిమాలయం మీద కోరిక పెంచుకుంటాడు. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు రాసుకుని వెళ్ళనే వెళ్తాడు. అక్కడి మంచుకు ఆ పసరు కరిగిపోతుంది, ఇంటికి రావడానికి దారి ఉండదు. చిన్నప్పుడు పాఠంలో ఇది విన్నప్పుడు, పసరు కరగడం కథ నడవడానికి కవి చేసిన ఏర్పాటు అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. వినికిడితో కలిగిన కోరికకు అసలు వస్తువు తగలగానే, తీసుకెళ్ళిన సాధనం కరిగిపోవాల్సిందే.

అజ్మాన్ స్టాంపు నాకు ఆ పసరు. నకిలీదే గాని నన్ను తీసుకెళ్ళింది. లేక్ ప్లాసిడ్ దగ్గరికీ, ఓస్లో దగ్గరికీ, చివరికి మిన్నియాపోలిస్‌లో కింద పడ్డ కాలిబాట దగ్గరికీ. మంచు తగలగానే కరిగిపోయి, చెడ్డ స్టాంపుగా మిగిలింది. ఒక చెడ్డ రచన మనకు జీవితాంతపు అభిరుచిని ఇవ్వగలదు. అంతమాత్రాన అది మంచి రచన అయిపోదు. ఈ రెండు వాక్యాలనూ కలపకుండా ఉంచుకోవడమే విమర్శకుడి కష్టం. చిన్నప్పుడు ఇష్టపడి చదివిన డిటెక్టివ్ నవలల విషయంలో మనందరం ఇక్కడే తడబడతాం.

మరి తిరిగి రావడం సంగతి? అది చెప్పడం నాకు కొంచెం కష్టం.

మామ ఉత్తరాల కవర్ల మీద ఉండేవి యుఎఇ స్టాంపులు. ఎక్కువగా గద్ద బొమ్మవి. నేను వాటిని కత్తిరించి, గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి, ఊడదీసి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టేవాణ్ణి. కవర్లు పొయ్యిలోకి పోయేవి. అన్నీ ఒకేలాంటి గద్దలు కావడంతో వాటి మీద నాకు మోజు ఉండేది కాదు. మా వీధిలో నా తోటివాడొకడి దగ్గర ఇంకో స్కీయింగ్ స్టాంపు ఉండేది, ఫుజైరాది. దానికి వాడు ఐదు గద్దలు అడిగాడు. ఇచ్చేశాను. తరవాత మరొకదానికి ఇంకో ఐదు. అలా అన్నీ అయిపోయాయి. ఆ గద్దల మూల నల్లటి వంపుగీతలో సగం సగం కనిపించిన అక్షరాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అజ్మాన్ అని, తేదీతో సహా.

అసలైన అజ్మాన్ స్టాంపులు అవి. ఉత్తరం మోసినవి. ఎండలో పనిచేసి వచ్చి, పదిమంది ఉండే గదిలో మంచం మీద కూర్చుని మామ రాసిన మాటలకు టికెట్టుగా పనిచేసినవి. సేకర్తల కొలమానంతో చూసినా, నా కొలమానంతో చూసినా మంచివి. వాటిని ఇచ్చి ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళని కాగితాలు తెచ్చుకున్నాను. కవర్లు దాచినా సరిపోయేది. ముద్ర, తేదీ, మామ రాసిన మా ఊరి పేరు, అన్నీ ఒకచోట ఉండేవి.

2005లో దుబాయ్‌లో ఒక పెద్ద మాల్ లోపల స్కీ దుబాయ్ తెరిచారు. కప్పు కింద యంత్రాలతో చేసిన మంచు కొండ. ఆ తరవాత ఓ శుక్రవారం మామ ఫోన్ చేశాడు. అప్పటికి ఉత్తరాలు పోయి ఫోన్లొచ్చాయి. అజ్మాన్ నుంచి బస్సెక్కి తోటివాళ్ళతో కలిసి వెళ్ళాడట. లోపలికి టికెట్టు ఉంది. మాల్‌లో నిలబడి అద్దంలోంచి చూడడానికి టికెట్టు లేదు.

"అద్దానికి ఇవతల నిల్సుండి సూసిన అల్లుడా," అన్నాడు. "నువ్వు సిన్నగున్నప్పుడు అడిగినవు గద, మంచు పడుతదా అని. గిప్పుడు పడుతున్నది."

ఆ ప్రశ్న ఆయన మర్చిపోలేదు. నేను ఏ మంచు గురించి అడిగానో ఆయనకు ఎప్పుడు అర్థమైందో నాకు తెలియదు. అడగలేదు.

అజ్మాన్ స్టాంపును ఆల్బమ్‌లోంచి తీసెయ్యలేదు. సప్పోరో పేజీలో జపాన్ స్టాంపుల కింద ఉంది. దాని పక్కన ఒక గద్ద పట్టేంత చోటు ఖాళీగా ఉంచాను. ఇలాంటివి వేలంలో చవగ్గానే దొరుకుతాయి, అజ్మాన్ ముద్రతో కూడా. ఇంకా కొనలేదు. అది వేరే ఇంటికొచ్చిన ఉత్తరం అయివుంటుంది.